నూటికి పదిహేను

తోయా పెద్దాయన శవం పరాయివాళ్ల వంటింటి గచ్చు మీద పక్కకు ఒరిగి పడి ఉంది. తల వెనుక ఎముక లోపలికి దిగిపోయింది. నెత్తురు ఎండి నల్లబడింది.

ఇన్‌స్పెక్టర్ దామా ముంగా మోకాళ్ల మీద కూర్చుని గాయాన్ని దగ్గరగా చూసింది. అంచున చిన్న చిన్న గాట్లు. నెలవంక ఆకారంలో, వరసగా, ఏదో పళ్లున్న జంతువు కొరికినట్టు.

టైం ఏడూ ఇరవై.

శవాన్ని తీరిగ్గా చూసే యోగం ఆమెకు లేదు. బయట రెండొందల మంది ఉన్నారు. చేతుల్లో రాళ్లు, కొడవళ్లు. ఒకడు పాత లారీ టైరు దొర్లించుకుంటూ వచ్చాడు. ఇంకొకడి చేతిలో పెట్రోలు డబ్బా. ఆ రెండూ మనిషి మెడలో టైరు వేసి కాల్చడానికేనని మొంబాసా తీరంలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాళ్లకు కావలసినవాడు ఈ ఇంటి స్టోర్ రూంలో ఉన్నాడు. పేరు కహిండి. ఇంటి కాపలాదారు. తెల్లవారి నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు వంటింటి కిటికీలోంచి చూస్తే, పెద్దాయన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా నిండా నెత్తురు. ఇంకేం కావాలి? కేక పడింది. ఊరు కదిలింది. తోయా పెద్దాయన ఆ ఊరికి తీర్పరి. పెళ్లి గొడవైనా, పొలం గట్టు గొడవైనా ఆయన మాటే ఆఖరు. అలాంటివాణ్ణి చంపినవాడికి కోర్టు దేనికి?

దామా వచ్చేసరికి కహిండిని గుంజకు కట్టి కొడుతున్నారు. రెండుసార్లు గాల్లోకి కాల్చి, సార్జెంట్ ముసెంబి, ఒక కానిస్టేబులు సాయంతో లోపలికి లాక్కొచ్చి తలుపు వేసింది.

ముసెంబి ఇప్పుడు స్టోర్ రూం తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. నుదుటి మీద రాయి తగిలి చిట్లింది.

"జీపు?" అంది దామా.

"గేటు బయటే ఉంది మేడం. జీపుకేం కాలేదు. దాని దాకా వెళ్లడమే కుదరదు."

"కిలిఫీ నుంచి ఫోర్స్?"

"మంత్రిగారి బందోబస్తులో ఉన్నారంట. గంటన్నర అంటున్నారు."

"వీడికి గంటన్నర టైముందా?"

ముసెంబి తల అడ్డంగా ఊపాడు. "కడుపు గట్టిపడుతోంది మేడం. లోపల నెత్తురు కారుతున్నట్టుంది."

దామా లోపలికి వెళ్లింది. కహిండి ఉల్లిపాయల బస్తాకు ఆనుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముందు పళ్లు లేవు.

"పెద్దాయన్ని కొట్టావా?"

"లేదక్కా."

"రాత్రి ఎక్కడున్నావ్?"

"మొంబాసాలో. మా యజమాని కెప్టెన్ గారి ఫ్లాట్‌లో." ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు. "సామాను కట్టాం. పరుపు, కోట్లు, ఫోటోలు. పికప్‌లో వేసుకుని తెల్లారేసరికి వచ్చాం. ముందు సీట్లో ఆయన కూర్చున్నారు. దిగగానే ఆయన మేడ మీదికి పోయారు. నేను టీ పెడదామని వంటింట్లోకెళ్తే పెద్దాయన..."

"పికప్ ఎవరిది?"

"కిరాయిది. అప్పుడే వెళ్లిపోయింది. నంబరు నా ఫోన్లో ఉండేది. ఫోను పగలగొట్టేశారు." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కెప్టెన్ గారిని అడగండక్కా. ఆయన చెప్తారు. పై గదిలోనే ఉన్నారు."

ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖంలో నమ్మకం కనిపించింది. దామాకు తర్వాత చాలా రోజులు గుర్తున్నది ఆ నమ్మకమే.

*

హాల్లో ముగ్గురు కూర్చుని ఉన్నారు.

ఒకాయన ఇంటి యజమాని, కెప్టెన్ మటానో. మొంబాసా రేవులో ముప్పై ఏళ్లు పెద్ద ఓడలను లోపలికి తెచ్చిన పైలట్. ఇప్పుడు రిటైరయ్యాడు. నడుముకు చారల లుంగీ, పైన బనీను. అప్పుడే నిద్ర లేచినవాడి వేషం. కళ్లలో మాత్రం నిద్ర లేదు.

రెండోవాడు బ్రోకర్ గితోంగా. పైన కొండప్రాంతం నుంచి వచ్చి ఈ తీరంలో ఇళ్లు అమ్మిపెడుతున్నాడు. నల్ల ప్యాంటు, మొనదేరిన బూట్లు. కాళ్లు ఊపుతూనే ఉన్నాడు.

మూడో మనిషి చెబెట్. పన్నుల ఆఫీసర్. ఒళ్లో ఫైలు. ఇంటిని చూసి రిపోర్టు రాయడానికి ఎనిమిదింటికి రావలసింది, గితోంగా కారులో ఏడింటికే వచ్చింది. పాపం, ఈ ఒక్క రోజే దొరికింది ఆమెకు.

"కెప్టెన్ గారూ, రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

కెప్టెన్ దామాను చూడలేదు. చెబెట్ వైపు చూశాడు.

"ఇంకెక్కడ పడుకుంటాను? ఇక్కడే. మేడ మీద నా గదిలో. మూడేళ్లుగా అక్కడే కదా."

"కహిండి?"

"వాడూ ఇక్కడే. వెనక గదిలో."

"మొంబాసా వెళ్లలేదా?"

"మొంబాసాలో నాకేం పని?"

"రాత్రి మీతోనే ఉన్నానని చెప్తున్నాడు."

"ప్రాణం మీదికొచ్చినవాడు ఏదైనా చెప్తాడమ్మా."

చాలా మర్యాదగా అన్నాడు. ఆ మర్యాద చూసి దామాకు ఒళ్లు మండింది. అబద్ధం ఇద్దరిలో ఎవరిదో ఒకరిది. స్టోర్ రూంలో ఉన్నవాడు చావుబతుకుల్లో ఉన్నాడు. ఎదురుగా ఉన్నవాడు లుంగీ మడత సరిచేసుకుంటున్నాడు.

"మీరు?" గితోంగా వైపు తిరిగింది.

"నిన్న సాయంత్రం అయిదింటికే వెళ్లిపోయాను మేడం. టౌన్లో లాడ్జి. తలుపు వేసుకుని పడుకున్నా."

"వంటింట్లోకి వెళ్లారా?"

"నాకు వంటింటితో ఏం పని? నేను ఇల్లు అమ్ముతాను, కూర వండను." తన జోకుకు తనే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

దామా చెబెట్‌ను వరండాలోకి పిలిచింది.

"ఈ ఇల్లు అమ్మితే ఎంత పన్ను పడుతుంది?"

"తొంభై లక్షల షిల్లింగులకు కొన్నాడు. నాలుగున్నర కోట్లకు అమ్ముతున్నాడు. లాభం మూడు కోట్ల అరవై లక్షలు. దాని మీద నూటికి పదిహేను." చెబెట్ ఫైలు తెరవకుండానే చెప్పింది. "యాభై నాలుగు లక్షలు."

"తప్పించుకునే దారి?"

"అది సొంత కాపురం ఇల్లయితే పన్ను లేదు. అమ్మే ముందు మూడేళ్లు ఎడతెగకుండా యజమాని అందులోనే ఉండాలి. ఆయన ఉన్నానంటున్నాడు. నాకేమో ఇది టూరిస్టులకు రోజు అద్దెకిచ్చే ఇల్లని అనుమానం. వారానికో జంట వచ్చిపోయే ఇల్లు కాపురం ఎట్లా అవుతుంది? అదే చూద్దామని వచ్చాను."

"ఉన్నాడని ఊళ్లో ఎవరు చెప్పాలి?"

చెబెట్ వంటింటి వైపు చూసింది. "ఆయనే. ఇవాళ తొమ్మిదింటికి ఆయన్ని కలవాలి."

గేటు దగ్గర గోల పెరిగింది. ఒక సీసా గాల్లో తిరుగుతూ వచ్చి వరండా కప్పు మీద పగిలింది. ఎండిన కొబ్బరాకుల కప్పు. భగ్గుమంది. కానిస్టేబులు నిచ్చెన వేసుకుని ఎక్కి కాలుతున్న ఆకులను కొడవలితో తెగ్గొట్టి కింద పడేశాడు. చేతులు బొబ్బలెక్కాయి.

కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు. "అయ్యయ్యో, నా కప్పు... పోయినేడే వేయించాను. నీళ్లు పొయ్యండి, చూస్తారేం?"

లోపల మనిషి ఉన్నాడన్న మాట ఆయన నోట రాలేదు. దామా అది గమనించింది.

*

ఆమె మేడ ఎక్కింది. మూడు నిమిషాలు చాలు అనుకుంది. రెండే పట్టాయి.

గోడ మీద కెప్టెన్ కుటుంబం ఫోటోలు. ఒక్కో మేకు కింద నేల మీద సున్నం పొడి. పరుపు మీద తాడు కట్టిన గుర్తులు ఇంకా లోతుగా ఉన్నాయి. బీరువాలో కోట్లు. గది మొత్తం సముద్రపు గాలి వాసన. కోట్లు మాత్రం కలరా ఉండల వాసన.

కహిండి నిజం చెప్పాడు.

కానీ బయట ఉన్నవాళ్లకు సున్నం పొడి చూపిస్తే ఏం లాభం? ఫోన్ కంపెనీ రికార్డులు రావడానికి రెండు రోజులు. కెప్టెన్ నోరు విప్పితే రెండు క్షణాలు. ఆ నోటికి యాభై నాలుగు లక్షల తాళం పడింది.

కిందికి వచ్చేసరికి వంటింట్లో ముసలామె కూర్చుని ఉంది. హలూవా, పెద్దాయన భార్య. జనం ఆమెకు దారి ఇచ్చారు. భర్త పాదాలను పైట కొంగుతో తుడుస్తోంది.

దామా పక్కన కూర్చుంది. "అమ్మా, రాత్రి ఆయన ఇక్కడికెందుకు వచ్చాడు?"

"కాదని చెప్పడానికి."

"ఏం కాదని?"

"కెప్టెన్ ఈ ఊళ్లో కాపురం ఉన్నాడని ఆఫీసరమ్మకు చెప్పమన్నారంట. మా ముసలాయన ఒప్పుకోలేదు. 'మూడేళ్లలో ఊళ్లో ఎంతమంది పోయారు? ఎవరింటి ముందైనా వచ్చి చాప మీద కూర్చున్నాడా? చావింటి ముందు అందరం రాత్రంతా నేల మీద పడుకుంటే, ఒక్క రాత్రయినా మా పక్కన పడుకున్నాడా? చావుకు రానివాణ్ణి ఊరివాడని ఎట్లా చెప్తాను?' అన్నాడు."

"మరి రాత్రి ఎవరితో మాట్లాడదామని వచ్చాడు?"

"కెప్టెన్ ఇంట్లో దీపం ఉంది, ఎవరున్నా సరే మొహం మీద చెప్పొస్తా అన్నాడు. పొద్దు వాలాక బయల్దేరాడు. తిరిగి రాలేదు. చావింటికేమైనా పోయి ఉంటాడులే అనుకున్నాను."

"కహిండికీ ఆయనకూ గొడవేమైనా ఉందా?"

"కహిండిని రాయబారం పంపారు. ఒప్పుకోకపోతే నా ఉద్యోగం పోతుంది తాతా అని వాడు బావి దగ్గర అరిచాడు. అది ఊరంతా చూసింది." హలూవా తల ఎత్తింది. "వాడు నా చేతి అన్నం తిన్నవాడు. వాడే చంపాడంటే వాడే అనుకుంటాను. కాదంటే కాదనుకుంటాను. ఎవరిదో ఆ చెయ్యి, నువ్వు చెప్పమ్మా. ఊరికే ఎవణ్ణో కాల్చి నా ముసలాయన పేరు చెప్పొద్దు."

దామా లేచింది. వంటిల్లంతా మళ్లీ చూసింది.

కొత్తగా సర్దిన వంటిల్లు. మసి పట్టిన కుండలు, వాడిన గరిటెలు. సంతలో పాత సామాను కొని తెచ్చి కాపురం ఉన్నట్టు పేర్చారు. గోడకు కొక్కెం. కొక్కేనికి కొబ్బరి కోరుకునే పీట. ఆ తీరంలో అది లేని ఇల్లు ఉండదు. కూర్చునే చెక్క, దాని ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప నాలుక, నాలుక చివర నెలవంకలా పళ్లు.

చేతిరుమాలుతో తీసి పళ్లను లెక్కపెట్టింది. గాయం దగ్గరికి తీసుకెళ్లి చూసింది. సరిపోయాయి.

ఇనుము మీద వేలు పెట్టింది. వేలికి ఎర్రగా అంటుకుంది. చెక్క ఇంకా చెమ్మగా ఉంది.

తొట్టి దగ్గర రెండు కొళాయిలు. ఒకటి వాన నీళ్ల ట్యాంకుది. రెండోది బావిది. బావి కొళాయి కింద సబ్బు ముక్క, చుట్టూ విరిగిన పాలలా తెల్లటి ముద్దలు.

"ముసెంబీ, మీ మచకోస్‌లో, ఆ పై కొండల్లో, కత్తి వాడాక ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం మేడం? కడిగి అక్కడ పెడతాం."

"ఇక్కడికి బదిలీ అయ్యాక?"

ముసెంబి కొళాయిల వైపు చూశాడు. దామా అప్పటికే హాల్లోకి నడిచింది. నడుస్తూ, గితోంగా ఊపుతున్న కాళ్లను ఒకసారి చూసింది.

*

టైం ఎనిమిదింబావు. అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. హలూవాను కూడా పిలిచింది. స్టోర్ రూం తలుపు తెరిచే ఉంచమంది. కహిండి మూలుగు అందరికీ వినపడాలి.

కోరుపీటను బల్ల మీద పెట్టింది.

"పెద్దాయన్ని చంపింది దీనితో. తర్వాత కడిగి కొక్కేనికి తగిలించారు."

కెప్టెన్ వైపు తిరిగింది.

"కెప్టెన్ గారూ, మళ్లీ అడుగుతున్నాను. రాత్రి మీరు ఈ ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నానన్నాను కదా."

"కాసేపైనా బయటికి వెళ్లలేదా?"

"లేదు."

"ఇంకెవరైనా వచ్చారా?"

"నేనూ, కహిండీ. అంతే."

"మంచిది. చెబెట్ గారూ, విన్నారుగా." దామా కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "కహిండి వాళ్లమ్మ కబీబీ. రోడ్డు పక్కన కొబ్బరి బిళ్లలు చేసి అమ్ముతుంది. కహిండి పుట్టినప్పటినుంచీ ఈ పీట మీదే కూర్చున్నాడు. ఈ పీటను కడిగినవాడు కహిండి కాదు. ఎందుకో తర్వాత చెప్తాను. ఇంట్లో ఉన్నది ఇద్దరే అని మీరే అన్నారు. ఒకడు కాదు. ఇక మిగిలింది ఎవరు?"

కెప్టెన్ ముఖం మాడింది. "ఏం మాట్లాడుతున్నారు మీరు?"

"పెద్దాయన కాదంటే నష్టం ఎవరికి? మీకు. యాభై నాలుగు లక్షలు. రాత్రి ఇంట్లో ఉన్నది ఎవరు? మీరు. పీట ఎవరిది? మీదే, మూడేళ్లుగా మీరు కాపురం ఉన్నానంటున్న వంటింట్లోది. ఇంతకంటే సులువైన కేసు నా సర్వీసులో చూడలేదు. ముసెంబీ, బేడీలు."

"ఆగండి."

"ఆగుతాను. ఎక్కడున్నారో చెప్పండి."

ఆయన చెబెట్‌ను చూశాడు. ఆమె చేతిలోని పెన్ను చూశాడు. బేడీలు చూశాడు. మళ్లీ పెన్ను చూశాడు.

లెక్క వేస్తున్నాడు. ఆ సంగతి ఆయన ముఖం మీద పచ్చిగా కనపడుతోంది. పక్క గదిలో మనిషి నీళ్లు, నీళ్లు అంటున్నాడు. ఈయన లెక్క వేస్తున్నాడు. గోడ గడియారం కొట్టుకుంటోంది. దామాకు ఆయన మెడ పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. పట్టుకోలేదు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. పది నిమిషాలు.

"లాయర్ని పిలిపించుకుంటాను," అన్నాడు.

"పిలిపించండి. గేటు దాటి రాగలిగితే వస్తాడు."

ఇంకో పది నిమిషాలు. కిటికీ అద్దం పగిలి రాయి హాల్లో పడింది. స్టోర్ రూంలో మూలుగు సన్నబడింది. హలూవా లేచి వెళ్లి కెప్టెన్ ముందు నిలబడింది. చెయ్యి ఎత్తి ఆయన చెంప మీద గట్టిగా కొట్టింది. ముసలి చెయ్యి, అయినా హాలంతా వినపడింది.

"మొంబాసాలో," అన్నాడు కెప్టెన్. "నా ఫ్లాట్‌లో. కహిండి నాతోనే ఉన్నాడు. రాత్రంతా. తెల్లవారుజామున కలిసి వచ్చాం."

"ఈ ఇంట్లో ఎప్పుడైనా కాపురం ఉన్నారా?"

"లేదు."

చెబెట్ పెన్ను కదిలింది.

హలూవా అప్పటికే తలుపు దగ్గరుంది. గొళ్లెం తీసి గేటు దాకా నడిచింది. ఆమె ఏం చెప్పిందో లోపలికి వినపడలేదు. గోల మాత్రం ఆగిపోయింది. తర్వాత నలుగురు వచ్చారు. కొట్టినవాళ్లే. తలలు వంచుకుని వచ్చి కహిండిని దుప్పట్లో ఎత్తుకుని జీపులో పడుకోబెట్టారు. ఒక ముసలామె చెప్పులు లేకుండా జీపు వెనక పరుగెత్తింది. కబీబీ. చోటు లేక ఆమెను ఎక్కించుకోలేదు. జీపు కానిస్టేబులుతో కిలిఫీ ఆసుపత్రికి దూసుకుపోయింది.

టైం ఎనిమిదీ నలభై.

*

"మరి నేను వెళ్లొచ్చా మేడం?" అన్నాడు గితోంగా.

"కూర్చో. ఇప్పుడే కదా నీ కథ మొదలవుతుంది." దామా కోరుపీటను వాడి వైపు తిప్పింది. "ఈ ఇనుము రంగేమిటి?"

"తుప్పు."

"పాత తుప్పు నల్లగా, గట్టిగా ఉంటుంది. ఇది ఎర్రగా వేలికి అంటుకుంటోంది. ఒక్క రాత్రిలో పట్టింది. ఎందుకు పట్టింది? బావి నీళ్లతో కడిగి, తడి తుడవకుండా తగిలించారు కాబట్టి. ఆ బావిలో ఊరేది సముద్రమే. ఈ తీరంలో చంటిపిల్లకు కూడా తెలుసు, ఇనుముకు ఆ నీళ్లు తగిలితే తెల్లారేసరికి కోరిన కొబ్బరంతా ఎర్రబడుతుంది. పీచుతో తుడుస్తారు. కొబ్బరినూనె రాస్తారు. కడగరు. కబీబీ కొడుకు కడగడు. ముప్పై ఏళ్లు ఓడల మీద బతికిన కెప్టెనూ కడగడు. ఉప్పునీరు ఇనుమును ఏం చేస్తుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు."

"అయితే నన్ను..." కెప్టెన్ నోరు తెరిచాడు.

"మీరు కాదని నాకు ఇందాకే తెలుసు. మీరు నోరు విప్పాలని అలా అన్నాను." ఆయన వైపు చూడకుండానే అంది. "పైన కొండల్లో నీళ్లు తియ్యగా ఉంటాయి గితోంగా. అక్కడ ఏ కత్తినైనా కడిగి పెట్టెయ్యొచ్చు. నీది ఏ ఊరన్నావ్?"

"తుప్పు చూసి ఊరు చెప్తారా? కోర్టులో నవ్వుతారు మేడం."

"నవ్వనీ. నీ ప్యాంటు చూపిద్దాం."

గితోంగా కాళ్లు ఊపడం ఆగింది.

నల్ల ప్యాంటు. రెండు మోకాళ్ల మీద అరచేతి వెడల్పున తెల్లటి గీత. వరద తగ్గాక గోడ మీద మిగిలే చారలాంటిది.

దామా వంగి వేలితో రాసింది. ఆ పొడిని నాలుకకు అంటించుకుంది.

"ఉప్పు," అంది. "మోకాళ్ల మీద కూర్చుని చూశావు, పెద్దాయన బతికి ఉన్నాడా లేదా అని. నెత్తురు అంటింది. పక్కనే తియ్యటి నీళ్ల కొళాయి ఉన్నా, ఏది ఏదో తెలియక బావి కొళాయి తిప్పావు. సబ్బు నురగ రాలేదు. ఎందుకు రాలేదో కూడా ఆలోచించలేదు."

"చెమట. ఉక్కకు పట్టింది."

"చంకల్లో పట్టని చెమట మోకాళ్లకే పట్టిందా? ప్యాంటు విప్పు. కుట్లలో ఎవరి నెత్తురుందో ల్యాబు వాళ్లు చెప్తారు. నిన్న సాయంత్రం అయిదింటికి వెళ్లలేదు నువ్వు. సంతలో కొన్న సామాను ఈ వంటింట్లో సర్దుతూ కూర్చున్నావు. పెద్దాయన చూసిన దీపం నీదే."

గితోంగా పీటను చూశాడు. ఒక్క ఉదుటున దాన్ని అందుకుని దామా తల మీదికి విసిరాడు. ఆమె తల తిప్పింది. ఇనుప పళ్లు భుజాన్ని చీల్చుకుంటూ పోయాయి. వాడు కిటికీ వైపు దూకాడు. ముసెంబి వాడి కాలు దొరకబుచ్చుకుని లాగాడు. ఇద్దరూ పగిలిన అద్దాల మీద దొర్లారు. గితోంగా వేళ్లు ముసెంబి కళ్లలోకి వెళ్లబోతుంటే దామా బూటుతో వాడి మణికట్టు మీద తొక్కింది. ఎముక విరిగిన చప్పుడు వచ్చింది.

"నేను చంపుదామని రాలేదు," అని వాడు ఏడుస్తూ అరిచాడు. "మూడు నెలలు తిరిగాను ఈ బేరం కోసం. పన్ను పడితే అమ్మను పొమ్మన్నాడు కెప్టెన్. ముసలాడి కాళ్లు పట్టుకున్నా. ఎంత కావాలో అడుగు అన్నా. నా మొహాన ఉమ్మేశాడు. వెనక్కి తిరిగి నడుచుకుంటూ పోతున్నాడు, నేనొక మనిషినే కానట్టు..."

"అందుకని వెనకనుంచి కొట్టావు," అంది దామా.

ముసెంబి బేడీలు వేశాడు.

*

ఆమె భుజానికి గుడ్డ కట్టుకుంటుండగా ఫోను మోగింది. కానిస్టేబులు.

"మేడం. కిలిఫీ వంతెన దాటకముందే కహిండి పోయాడు. డాక్టరు చూశాడు. ఓ అరగంట ముందు తెస్తే ఆపరేషన్ చేసేవాళ్లమన్నాడు."

దామా ఫోను జేబులో పెట్టుకుంది.

హాల్లో కెప్టెన్ చెబెట్ పక్కకు కుర్చీ జరుపుకున్నాడు. గొంతు తగ్గించి అడుగుతున్నాడు.

"అమ్మా, ఒక్కమాట. పోయినేడు కప్పు కొత్తగా వేయించాను. అది ఇంటి విలువ పెంచే ఖర్చే కదా. లాభంలోంచి తీసెయ్యొచ్చు కదా? బిల్లులున్నాయి."

చెబెట్ ఫైలు మూసింది. "తీసెయ్యొచ్చు," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "చట్టం ఒప్పుకుంటుంది."

దామా కెప్టెన్ బనీను పట్టుకుని కుర్చీలోంచి లేపింది. హాలు, వరండా, కాలిన కొబ్బరాకులు దాటించి గేటు దాకా ఈడ్చుకెళ్లింది. జనం అక్కడే ఉన్నారు. రాళ్లు కింద పడేసి కూర్చున్నారు. ముందు వరసలో కబీబీ. దుమ్ము పట్టిన పాదాలు.

"కహిండి పోయాడమ్మా," అని దామా ముందు తనే చెప్పింది. "మావల్ల కాలేదు. రాత్రంతా వాడు ఈయనతోనే ఉన్నాడు. ఆ ముక్క ఈయన పొద్దున్నే చెప్పి ఉంటే మీరు మాకు అప్పుడే దారి ఇచ్చేవాళ్లు." కెప్టెన్‌ను ముందుకు తోసింది. "ఎందుకు చెప్పలేదో నువ్వే చెప్పు."

కబీబీ ఏడవలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

"నా కొడుకు మీ దగ్గర ఆరేళ్లు చేశాడు అయ్యా. ఎందుకు చెప్పలేదు?"

కెప్టెన్ పెదవులు కదిలాయి. పన్ను అనే మాట ఆ తల్లి ముందు ఆయన నోట్లోంచి రాలేదు.

గుంపు చివరన ఎవడో వంగాడు. లేచేసరికి చేతిలో రాయి ఉంది. పక్కవాడూ వంగాడు. ఆ పక్కవాడూ.

కెప్టెన్ దామా వెనక్కి నక్కి ఆమె నడుము పట్టుకున్నాడు. "మేడం, నన్ను కాపాడండి. మీ డ్యూటీ అది."

అవును. డ్యూటీ అదే. దామా పిస్తోలు తీసి జనం వైపు ఎత్తింది. చీరిన భుజం మండింది. పక్కకు తప్పుకోవాలని ఒళ్లంతా లాగింది.

ఆమె తప్పుకోలేదు.